సమ్మయ్యతో జంట ప్రార్థన

మార్చి 5, బుధవారం

ఎనిమిదేళ్ల కిందట కోరుట్ల బస్టాండులో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. జగిత్యాల దవాఖానాలో పన్నెండు రోజులు. మా చర్చి సంఘమంతా చూడవచ్చింది. నాతో ఎన్నడూ మాట కలవని మొగిలవ్వ కూడా కోడికూర తెచ్చింది. సమ్మయ్య రాలేదు.

సిరిసిల్ల మరమగ్గాల కార్ఖానాలో నా పక్క సాంచా మీదే బట్ట నేసినవాడు. బాప్తీస్మం కూడా ఒకే రోజు, ఒకే వాగులో తీసుకున్నాం. అయినా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పలేదు. నేను అడగలేదు. నేనెందుకు అడగాలి?

ఇవాళ చర్చిలో అయ్యగారు చీట్లు తీయించారు. ఈస్టరు దాకా ఇద్దరిద్దరు జంట. రోజూ సాయంత్రం కలిసి ప్రార్థన చేయాలట, స్నేహం పెంచుకోవాలట. నా చీటీలో సమ్మయ్య!

"అయ్యగారూ, ఇంకో చీటీ తీస్త."

"దేవుడు కలిపిండు కొమురన్నా."

"దేవుడు గాదు, మీ స్టీలు డబ్బా కలిపింది."

అందరూ నవ్వారు. సమ్మయ్య తప్ప.

సరే. తీర్మానం: ఈస్టరు దాకా వాణ్ని ఒక్క కటువు మాట అనను. పాత సంగతి ఎత్తను. కోడలు సరితతో ఈ డైరీ తెప్పించాను. నాది నాలుగో తరగతి చదువు, అక్షరాలు పెద్దగా వస్తాయి. రానీ.

మార్చి 6

ఆరింటికి వచ్చాడు. ప్రార్థన. చాయ. గొడవ లేదు! ఇంత సులువా!

సాంచాల చప్పుడుకు మా ఇద్దరి చెవులూ సగం పోయాయి. మెల్లగానే ప్రార్థించాం అనుకున్నాం. సరిత వచ్చి, "మామా, బజారు దాక ఇనవడ్తున్నది" అంది. వినబడనీ. బూతులా ఏమన్నా?

మార్చి 8

చాయలో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు. మూడు! చూశాను. ఏమీ అనలేదు. నేను మారిపోయాను.

మార్చి 11

ఉపాయం దొరికింది. సమ్మయ్యను అనకూడదు, నిజమే. దేవుడికి చెప్పుకోకూడదని ఎవరన్నారు?

కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, దవాఖానల పడ్డోన్ని చూడ రానోళ్లను క్షమించు. ఆళ్ల పేర్లు నీకెరుకే."

ప్రార్థనకు అడ్డు రావద్దు. చివర ఆమేన్ అనక తప్పదు. అన్నాడు, పళ్లు నూరుతూ. కడుపునిండా అన్నం తిన్నాను.

మార్చి 12

వాడి వంతు. "ప్రభువా, మెడ వంగనోళ్లను నీ ముందట వెడుతున్న. ఎదురువడితే మొఖం తిప్పుకునేటోళ్లను గూడ."

ఆమేన్ అనాల్సి వచ్చింది. ఒక కన్ను తెరిచి చూశాను. వాడూ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు.

మార్చి 15

ఎదురింటి ఐలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. వెంట బాలవ్వ. ఎంత భక్తి అనుకున్నాను.

"నిన్న యాడ ఆపిన్రో గాడికెల్లి మొదలువెట్టున్రి తాతా" అంది ఐలమ్మ.

మార్చి 18

పోయింది. అంతా పోయింది.

"ప్రభువా, సుట్టం తాగే చాయల చక్కెర లెక్కవెట్టేటోళ్లను..." అని ఎత్తుకున్నాడు. కళ్లు తెరిచాను.

"ఎవడ్రా లెక్కవెట్టింది? పన్నెండు రోజులు తలుపు దిక్కు సూసి సూసి నా మెడ వట్టేసింది రా!"

దేవుడికి కాదు, నేరుగా వాడికే.

"ఆమేన్ గూడ అననియ్యవా?" అని చెప్పులేసుకుని పోయాడు. ఆమేన్ ఐలమ్మ అంది.

మాట తప్పింది నేనే. తప్పించింది వాడు.

మార్చి 20

రాలేదు. మంచిదే. చక్కెర మిగిలింది.

మార్చి 22

రాలేదు. సరిత అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పోసింది. రెండూ నేనే తాగాను. ఒక్కణ్నే ప్రార్థించి, నా ఆమేన్ నేనే అనుకున్నాను. ఇల్లు బోసిగా ఉంది.

మార్చి 24

అయ్యగారు వచ్చారు. సమ్మయ్యకు కిడ్నీలో రాళ్లట, జగిత్యాలలో ఆపరేషన్ అయిందట.

"ఓసారి సూసి రారాదు కొమురన్నా?"

"నన్ను సూడ రానోన్ని నేనెందుకు సూడాలె?"

"గందుకే" అన్నారు. ఇదేం జవాబు?

మార్చి 26

పొద్దున్నే బస్సెక్కాను. డజను అరటిపండ్లు. వార్డు తలుపు దాకా పోయాను.

లోపల సంఘమంతా ఉంది. మొగిలవ్వ కోడికూర గిన్నె తెరుస్తోంది. మంచం మీద సమ్మయ్య, సగం మనిషయ్యాడు. తలుపు దిక్కే చూస్తున్నాడు. చటుక్కున పక్కకు జరిగాను. మొదటి మాట ఏమనాలి? ఎనిమిదేళ్లు దాచిపెట్టుకున్న మాటలన్నీ గొంతులోకొచ్చాయి. ఒక్కటీ అక్కడ అనదగ్గది కాదు. కాలు ఆగిపోయింది. విరిగిన కాలు కాదు, మంచి కాలే.

వార్డు ఊడ్చే ఆయమ్మ అడిగింది. "ఎవలి మనిషివి తాతా?"

"ఎవలి మనిషిని గాను."

"మరి గీ పండ్లు?"

"నాకే."

బస్సులో రెండు తిన్నాను. మిగతావి పక్క సీటు వాళ్లకిచ్చాను.

మార్చి 27

తలుపు దాకా పోయి తిరిగొచ్చినవాడు, లోపల పడుకున్నవాడికి రానివాడే. ఇప్పుడు సమ్మయ్య అదే అనుకుంటూ ఉంటాడు.

నేను పడుకున్న వార్డుకూ తలుపుంది కదా. దాని పక్కన గోడా ఉంది. పొద్దటి నుంచి ఆ గోడే కళ్లలో మెదులుతోంది.

ఏప్రిల్ 2, బుధవారం

సమ్మయ్య ఇంటికొచ్చాడట.

తీర్మానం మళ్లీ మొదలు! రేపు ఆరింటికి నేనే వాడింటికి పోతాను. కటువు మాట లేదు. చక్కెర నాలుగు చెంచాలైనా సరే. దేవుణ్ని మధ్యలోకి లాగను. ముందు నా సంగతి చెప్తాను: తలుపు దాకా వచ్చాను, పండ్లు నేనే తిన్నాను. బజారంతా వింటుంది. విననీ.

తర్వాత వాడి సంగతి. పదమూడో తారీఖు మట్టల ఆదివారం. చర్చికి ఈత మట్టలు ఏటా వాడే కోసుకొస్తాడు. ఈసారి నేను తెచ్చి వాడి చేతిలో పెడతాను. ఆలోపు నాకు జవాబు కావాలి సమ్మయ్యా. ఆనాడు జగిత్యాల వచ్చినవా, రాలేదా? వస్తే, ఏ తలుపు దాక వచ్చినవు రా?