నడిచి వస్తుందని రాసిచ్చాను

నా గడుగ్గాయికి,

నాన్న ఆశీస్సులు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. కొత్త చక్రాల కుర్చీ మలుపుల్లో మొరాయించడం లేదని రాశావు, ప్రాణం కుదుటపడింది. నా వడ్రంగం బాగానే సాగుతోంది. ఆదివారం ప్రసంగాలూ అంతే. గొంతు బొంగురుపోయేదాకా వాక్యం చెబుతూనే ఉన్నాను.

నీ ప్రశ్నలకు వస్తాను. వచ్చే వారం టీచర్ల సభలో, వైకల్యమున్న పిల్లల చదువు హక్కు ఎలా వచ్చిందో మాట్లాడతానన్నావు. చట్టం వచ్చాక కూడా హెడ్మాస్టారు నిన్ను మూడేళ్ళు గడప తొక్కనివ్వలేదని చెబుతానన్నావు. ఆయన అలా ఎందుకు చేశారో రాయమన్నావు. చివర్లో నవ్వుతూ, "వడ్రంగి కూతురు బడిలోకి ఎక్కే వాలుబల్ల అంత వంకరగా ఎందుకుంది నాన్నా?" అనీ అడిగావు.

తల్లీ, రెంటికీ జవాబు ఒకటే.

చట్టం రాకముందు ఏ బడి అయినా నీలాంటి బిడ్డను తిప్పి పంపొచ్చు. వచ్చాక వీల్లేదు. ఆ వారమే మాస్టారు మనింటికొచ్చారు. "మీ పాపను పంపండి. మెట్ల పక్కన వాలుబల్ల కావాలి, మీరే చేసిపెట్టండి," అన్నారు. నేను మండిపడ్డాను. నువ్వు లేచి నడుస్తావని సంఘమంతటి ముందు ప్రకటించినవాణ్ణి. బల్ల చేస్తే నా విశ్వాసం ఏమైనట్టు? పంపనంటే తండ్రి రాసివ్వాలన్నారు. రాసిచ్చాను: "నా కూతురు నడిచి వస్తుంది. అప్పటిదాకా పంపను."

ఆయన ఏటా వచ్చారు. ఏటా తిప్పి పంపాను. పైగా, పిల్లను చేర్చుకోని రాతిగుండె అని ఆయన మీదే ప్రసంగించాను. నువ్వు విన్నది అదే, నమ్మిందీ అదే. బైబిల్లో నడవలేని రోగిని మోసుకొచ్చి, గుంపు అడ్డొస్తే ఇంటికప్పు విప్పి, ప్రభువు ముందుకు దించిన ఆ నలుగురి గురించి ఎన్నిసార్లు కేకలేశానో! నీకు తలుపు మూసినవాణ్ణి నేనే.

నాలుగో ఏడు అమ్మ నిన్ను చంకనెత్తుకుంది. "మీ ప్రార్థన మీరు చేసుకోండి. దీనికి అక్షరాలు నేను పెట్టిస్తాను," అని వెళ్ళిపోయింది. మాస్టారు ఉలి పట్టడం రాకపోయినా తన చేత్తోనే బల్ల కొట్టారు. అందుకే వంకర.

నీ ఉత్తరం చదివి మొన్న ఆయన దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, మూడేళ్ళు మీ మీద అబద్ధం ప్రసంగించాను," అన్నాను.

"విన్నానయ్యా, ప్రసంగం మా ఇంటి కిటికీలోకే వచ్చేది. గొంతు బాగుండేది, విషయమే బాగుండేది కాదు," అని నవ్వారు. నా కాగితం దాచి ఉంచారు. నీకెందుకు చూపించలేదంటే, "నాన్న అంటే దానికి ప్రాణం కదయ్యా," అన్నారు.

ఆ కాగితం దీనితో పంపుతున్నాను. సభలో చదువు. నా పేరు మింగొద్దు. ఈ ఆదివారం సంఘం ముందు నేనూ చెబుతాను.

నిన్న బడికి కొత్త వాలుబల్ల బిగించాను. పాతది పారెయ్యలేదు. ప్రసంగించే చోట నా కాళ్ళ కింద వేసుకున్నాను. నిలబడితే ఊగుతోంది. ఊగనీ.

ఇట్లు,
నీ క్షమకు ఎదురుచూసే
నాన్న