రెండు వందల పద్నాలుగు సాలీళ్లు

జూన్ 3, సోమవారం

బట్టలు రెండు బకెట్లు. దుప్పట్లు మూడు ఉతికి ఆరేశాను. గదులన్నీ బూజు దులిపాను. అత్తయ్యను నాలుగుసార్లు పక్కకు తిప్పాను, రెండుసార్లు వీపుకు పౌడర్ రాశాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. సాలీడు ఒకటి చంపాను.

చివరిది రోజూ ఉండే పని కాదు. బొటనవేలంత ఉంది. నల్లటి వీపు మీద సున్నం చుక్క పెట్టినట్టు తెల్ల మచ్చ. చీపురుతో కొడితే చావలేదు, చీపురెక్కి నా చేతివైపు నడిచింది. ఆఖరికి ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కాను. సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన కలప డిపోలో లెక్కలు చూస్తారు. విదేశాల నుంచి దుంగలు వచ్చిన దగ్గర్నుంచీ డిపోలో ఇవే తిరుగుతున్నాయి, ఏమీ చెయ్యవులే అన్నారు. ఏమీ చెయ్యనివాటికి భయపడి కాళ్లు రెండూ కుర్చీ మీద ఎందుకు పెట్టుకున్నారో నేను అడగలేదు.

అత్తయ్య అడిగింది. తుంటి విరిగి నాలుగు నెలలుగా మంచం మీదే ఉంది, అయినా ఇంట్లో ఏం జరిగినా ముందు ఆవిడకే తెలుస్తుంది. ఏరా, కుర్చీ నీ బరువుకి ఆగుతుందా, సాలీడు కంటే ముందు అదే చంపేలా ఉంది అంది.

జూన్ 5, బుధవారం

వీధి చివర సెలూన్ అతను పోయాడు. కస్టమర్ మెడకు కట్టే గుడ్డ విప్పి దులిపాడట, మడతలోంచి సాలీడు చేతి మీద పడి కుట్టిందట. పది నిమిషాలు, అంతే. సగం గడ్డం గీసిన కస్టమర్ సబ్బు నురగతోనే మా గుమ్మం ముందు నుంచి పరుగెత్తాడు. ఆ అవతారం చూసి నవ్వాను. విషయం తర్వాత తెలిసింది. ఇంకా సిగ్గుగానే ఉంది.

కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ పైకి వచ్చి కూర్చుంది. అక్కా, అవి మడతల్లో దాక్కుంటాయట, నా కొట్టులో మడతలు తప్ప ఇంకేమున్నాయి, నా బతుకు ఏం కాను అని ఏడ్చింది. ఆవిడ వెళ్లాక నా బీరువా తెరిచాను. ఇరవై ఏళ్లుగా మడత చెదరకుండా సర్దుకున్న బీరువా. పదకొండు దొరికాయి. ఇంట్లో ఎక్కడా శుభ్రత తగ్గనివ్వని దాన్ని, వాటికి తీరుగా ఇల్లు కట్టిపెట్టాను.

జూన్ 6, గురువారం

చంపినవి 19. విరిగిన చీపుళ్లు 2. ఆయన డిపోకి వెళ్లలేదు. డిపో లేదు, తాళం వేశారు.

జూన్ 7, శుక్రవారం

పొద్దున మైకు బండి వచ్చి ఇంటి చుట్టూ కిరోసిన్ చల్లుకోమంది. మధ్యాహ్నం అదే బండి, అదే గొంతు, కిరోసిన్ చల్లవద్దు, చల్లినవారు కడుక్కోవాలి అంది. కడిగాను.

సాయంత్రం మున్సిపల్ ఉద్యోగి ఇంటింటికీ ఫారాలు ఇచ్చాడు. ఒళ్లంతా ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, చిరునవ్వు కూడా లోపలే పెట్టుకుని గుమ్మానికి మూడు గజాల దూరం నుంచి విసిరాడు. ఇంట్లో మనుషులు ఎందరు, నడవగలిగినవారు ఎందరు, సాలీళ్లు ఎన్ని. చిన్నవి వేరే, పెద్దవి వేరే.

ఆయన పెన్ను తీసి సున్నా వెయ్యబోయారు. ఎవడొచ్చి లెక్కపెడతాడే అన్నారు. లెక్కపెట్టకుండా ఎలా వేస్తారు అన్నాను. టార్చి పట్టుకుని గదిగదీ తిరిగాను. అటకతో సహా. రెండు గంటలు పట్టింది. పెద్దవి 61, చిన్నవి 153. కదులుతున్నవాటిని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటానేమోనని మళ్లీ తిరిగాను. సరిపోయింది. 214.

జూన్ 8, శనివారం

మా తలుపుకు ఎర్ర స్టిక్కర్ అంటించారు. వీధి మొత్తానికి ఒక్కటే ఎరుపు. మిగతా అన్ని ఇళ్లకూ తెలుపు. అందరూ సున్నా వేశారు.

తెల్ల స్టిక్కర్ ఇళ్లవాళ్లకు రేపు స్కూలు గ్రౌండ్‌కి బస్సులు వస్తాయి. మంచాన ఉన్నవాళ్లుంటే ఇంటికే అంబులెన్స్. ఎర్ర స్టిక్కర్ ఇంటికి ఏ బండీ రాదు. నడవగలిగినవారు నడిచి వంతెన దాకా వస్తే అక్కడ బట్టలు మార్పించి టెంటులో పెడతారు. నడవలేనివారి సంగతి తర్వాత చూస్తారు. తర్వాత అంటే ఎప్పుడు అని అడిగాను. ఆ ఉద్యోగి ప్లాస్టిక్ లోపల భుజాలు ఎగరేశాడు.

లెక్క దిద్దుకుంటాను, సున్నా రాసుకోండి అన్నాను. ఒకసారి కంప్యూటర్‌లో ఎక్కాక పెంచడానికే వీలుంది అమ్మా, తగ్గించడానికి లేదు అన్నాడు. పెంచమంటారా అని కూడా అడిగాడు.

ఆయన నన్ను తిట్టకుండా అర్జీ రాయడానికి కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 9, ఆదివారం

బస్సులు వెళ్లిపోయాయి. దర్జీ ఆవిడ కిందనుంచి, అక్కా, ఒక్క గీత, గుండ్రంగా ఒక్క గీత గీసుంటే పోయేది కదా అని అరిచి, ఏడుస్తూ వెళ్లింది. ఆవిడ సంచి మీద రెండు పాకుతున్నాయి. అరిచి చెప్పాను. వినబడిందో లేదో తెలియదు.

ఆయన అర్జీ రాసుకుని వంతెన దగ్గరి ఆఫీసుకు నడిచి వెళ్లారు, స్టిక్కర్ మార్పించి అంబులెన్స్‌తో వస్తానని. నాలుగింటికి ఫోన్ చేశారు. ఎర్ర ఇంటి మనిషి ఆఫీసులోకి రాకూడదట. వెనక్కి వెళ్లనివ్వరట. టెంటులో కూర్చోబెట్టి వేరే ఎవరివో ప్యాంటూ చొక్కా ఇచ్చారట. ప్యాంటు పొట్టిగా ఉందని రెండుసార్లు చెప్పారు. ఏడుస్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది.

జూన్ 10, సోమవారం

అత్తయ్య మంచం గది మధ్యకు లాగాను. నాలుగు కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను. దోమతెర నాలుగువైపులా పరుపు కిందికి దోపాను. ఇద్దరం అందులోనే. స్టవ్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు మాత్రం బూట్లు తొడుక్కుని, దులుపుకుంటూ వెళ్లి వస్తున్నాను.

మైకు బండి వచ్చింది. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి వంతెన మూసేస్తారు. ఆ తర్వాత ఊరంతా విషపు పొగ పెడతారు. ఊళ్లో ఎవరూ మిగలకూడదు.

జూన్ 11, మంగళవారం

నువ్వు వెళ్లు అంటుంది అత్తయ్య. వెళ్లను అంటాను. పొద్దున్నుంచి ఇదే. వినకపోతే గట్టిగా అరుస్తా అంది. ఎవరు వింటారు, అరవండి అన్నాను. అరిచింది. తెర మీదున్న ఒకటి కింద పడింది. ఇద్దరం నవ్వాం. తిట్లతో చచ్చేవైతే ఈ ఊరిని నేనొక్కదాన్నే బాగుచేసేదాన్ని అంది.

తెర బయట లెక్క మానేశాను. గోడ రంగు కనిపించడం లేదు.

జూన్ 12, బుధవారం

వీధిలో కూరగాయల తోపుడుబండి వదిలేసి ఉంది. పొద్దున్నే కిందికి వెళ్లి దానికి పట్టిన గూళ్లు కర్రకు చుట్టి తీసి, చక్రాలకు నూనె వేసి మా మెట్ల కింద నిలిపాను. వంతెన రెండున్నర కిలోమీటర్లు. తోయగలను. మెట్లే సమస్య. పద్నాలుగు మెట్లు.

అత్తయ్యను బొంతలో చుట్టి, అంచు నడుముకు కట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దించాలని చూశాను. మొదటి మెట్టుకు ఆవిడ పెదవి కొరుక్కుంది. రెండో మెట్టుకు కేక వేసింది. మూడో మెట్టు మీద నా కాలు జారి ఇద్దరం గోడకు కొట్టుకున్నాం. తల ఎత్తి చూస్తే మెట్ల పైకప్పు మొత్తం కదులుతోంది. కేకకు కదిలాయి. గుత్తులుగా కిందికి దిగుతున్నాయి. కిందికి పదకొండు మెట్లు, పైకి మూడు. పైకి లాగాను. ఎలా లాగానో తెలియదు. తలుపు వేసి, బొంత విప్పి, ఆవిడ జుట్టులోంచి ఒకటి, నా భుజం మీంచి ఒకటి దులిపి చెప్పుతో కొట్టాను. ఏదీ కుట్టలేదు.

ఆవిడ తుంటి మళ్లీ వాచింది. ముట్టుకోనివ్వడం లేదు. ఆయనకు ఫోన్ కలవడం లేదు.

సాయంత్రం నా లెక్క నిన్ను చంపుతోందని నేను అనబోయాను. ఎప్పుడూ మీరు అనే అత్తయ్యను మనసులో నువ్వు అనుకున్నాను. అనేలోపే ఏడుపు వచ్చింది. అయినా అత్తయ్య కనిపెట్టి, ఉన్నన్ని ఉన్నాయని రాశావు, అందులో నీ తప్పేముంది అంది. తర్వాత, నాలుగు నెలలు నన్ను ఎత్తి దించావు, కడిగావు, కన్నవాళ్లకైనా విసుగొస్తుంది అమ్మాయ్, నీకు బాకీపడి పోవడం నాకిష్టం లేదు అంది. బాకీలేమిటి, నిద్రపోండి అన్నాను.

జూన్ 13, గురువారం, ఉదయం 9.40

పాలపొడి కలిపి పాలు కాస్తున్నాను. అత్తయ్య పిలవలేదు. వెనక్కి తిరిగేసరికి ఆవిడ తెర అంచు పైకెత్తి, మోచేతి దాకా చెయ్యి బయట పెట్టి ఉంది, దాని మీద మూడు పాకుతున్నాయి. ఎంతసేపటి నుంచో తెలియదు.

పది నిమిషాలు మాట్లాడింది. అందులో చాలాసేపు నన్ను తిట్టడమే. పాలు పొంగుతున్నాయి, స్టవ్ ఆపు. బూట్లు సరిగ్గా కట్టుకో. వాడికి పొట్టి ప్యాంటు బాగోదు, ఇంకొకటి అడిగి తీసుకో. తర్వాత, పుస్తకం తెచ్చి రాయి, నా ఎదురుగా రాయి, నువ్వు రాస్తే అది నిజం అంది.

ఆవిడ చూస్తుండగానే రాశాను.

అత్తయ్య బాకీ: చెల్లు.