క్యాబిన్‌లోనా, గోడ దగ్గరా

బిడ్డా శ్రీవాణీ, ఇక్కడ ఒమన్‌లో, ఇబ్రిలో నేను క్షేమం. ఫోన్లో అడిగితే నవ్వుతావని కార్డు రాస్తున్నాను. నీ ఇంజనీరింగ్ చదువుకు ఆరు నెలలు కంపెనీ పనికి పంపే కాలేజీ మంచిదా, పేరున్న కాలేజీ మంచిదా, నాకేమీ తోచడం లేదు. ఫీజు మనం కట్టి పని కూడా మనమే చేయడమేమిటి? మా సైట్‌కు అలాగే ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన తెలుగు అమ్మాయి ఐదు నెలలు ఏసీ క్యాబిన్‌లో కాగితాలు చూసింది. నిన్న నా దగ్గరికొచ్చి, "అంకుల్, గోడ సీదాగ ఉన్నదని ఎట్ల తెలుస్తది?" అన్నది. దారానికి గుండు వేలాడదీసి చూపిస్తే పుస్తకంలో రాసుకుంది. ఐదు నెలల్లో ఇది కూడా ఎవరూ చూపలేదా అని నాకు ఇంకా అయోమయమైంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బోరు మోటరు బాగుచేయించారా? కౌన్సెలింగ్‌కు ముందే, కంపెనీకి పంపే ఆ కాలేజీవాళ్లను ఒక్కటి అడుగు: నిన్ను క్యాబిన్‌లో కూర్చోబెడతారా, మేస్త్రీ పక్కన నిలబెడతారా?

చల్లగా ఉండు.
మీ నాన్న,
దేవదాసు మేస్త్రీ