పచ్చబిళ్ళల గురిగి

కృష్ణ ఒడ్డు తవ్వకాల క్యాంపు,
దేవరకొండ తాలూకా,
12-2-1960

నాయినకు,

నీ కొడుకు ఐలేశం దండాలు పెట్టి రాసేది. జంగయ్య పంతులుగారూ, ఈ ఉత్తరం మా నాయినకు ఆగి ఆగి చదివి వినిపించండి.

డ్యాము నీళ్ళు నిలిచేలోపు ఇక్కడి పాత ఊళ్ళు తవ్వి చూస్తున్నారని చెప్పాను కదా. నిన్న జల్లెడ పడుతుంటే బొటనవేలి గోరంత పచ్చబిళ్ళ ఒకటి తేలింది. మా పెద్దసారు రామచంద్రయ్యగారికి నాణేల పిచ్చి. భూతద్దం పెట్టి చూసి ఉన్నపళాన లేచి నిలబడ్డారు. అది రోము చక్రవర్తుల చివరి కాలపు కంచు నాణెమట, పదహారు వందల ఏళ్ళ నాటిదట. అక్షరాలు అరిగిపోయినా, ఒకవైపు ముత్యాల పట్టీ కట్టిన తల, రెండోవైపు కూలిన గుర్రం మీంచి పడ్డవాణ్ణి బల్లెంతో పొడిచే సైనికుడు కనిపిస్తే పోల్చేయవచ్చట. నువ్వూ చూడమని నా చేతికిచ్చారు. చూడగానే పోల్చేశాను నాయినా! కాళ్ళు ముడుచుకుని పడిన ఆ గుర్రాన్ని పండుకున్న గొర్రె అనుకుని చిన్నప్పుడు ఆడుకున్నాను. తాత గొర్లదొడ్డికి గుంజ పాతుతుంటే దొరికాయని అటక మీద దాచిన మట్టి గురిగి నిండా ఇవే కదా!

నోరు ఆగక సారుకు చెప్పేశాను. ఆయన వచ్చే వారం మన ఇంటికే వస్తానంటున్నారు. ఎండాకాలంతో ఈ తవ్వకం ఆగిపోతుంది, నా కొలువూ పోతుంది. ఆ గురిగి చూపిస్తే పట్నంలో మ్యూజియం కొలువు ఇప్పించే పూచీ తనదన్నారు. వెంటనే దాన్ని దించి కింద పెట్టు. చింతపండుతో మాత్రం తోమకండి, పైన పట్టిన పచ్చ చిలుము పోతే బొమ్మా పోతుంది.

సారు నేర్చుకోమని ఇచ్చిన అరిగిన బిళ్ళను దసరాకు అమ్మ చేతిలో పెడితే "అబ్బ, ఎంత మెరుస్తాంది బిడ్డా!" అంది, గుర్తుందా? ఆ ముచ్చట చెప్పుకుని క్యాంపులో ఎంత నవ్వుకున్నామో. ఈసారి గురిగి మొత్తం మెరిపిస్తానని అమ్మతో చెప్పు.

నీ ఐలేశం

*

జడ్చర్ల,
18-2-1960

చిరంజీవి ఐలేశానికి,

మల్లప్ప చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. జంగయ్య.

బిడ్డా, మీ సారును రానియ్యకు. గురిగి లేదు. గా పచ్చబిళ్ళలన్నీ కరిగిచ్చి గంట పోయించిన. అవి చాలవని కంచరాయన మీ అమ్మ రాగిచెంబు సుత కలిపిండు. ఇప్పుడది మన నల్లపొట్టేలు మెడల ఉన్నది. అవి రోము రాజులయని నాకేం ఎరుక?

మొత్తం చెప్పకుంటె నీకు కోపమొస్తది, చెప్తె మీ అమ్మకు కోపమొస్తది. నీ ఉత్తరంల బిళ్ళ మెరిసిన ముచ్చట చదువంగనే ఆమె లేచి పెరట్లకు వోయింది. గీ సందుల చెప్తున్న. మీ అమ్మకు కండ్లు కనిపిస్తలేవు బిడ్డా. నిరుడు ఎండలల్ల మసకలు మొదలై, వానలు పడేటాలకు మొత్తానికే పోయినయి. దవాఖానల చూపిస్తె ఇగ రావన్నరు. ఇంట్ల కూసోమంటె కూసోదు. "గొర్ల ఎంబడి తిరిగిన కాళ్ళు, మూలకు కూసుంటె నేను బతుక" అని ఒక్కటే ఏడ్పు. పాత గంట సప్పుడు దూరానికి ఇనరాకపాయె. అందుకే పెద్దది పోయించిన. ఆ సప్పుడు వట్టుకొని గుట్ట దాక పోతది, మళ్ళొస్తది.

నీకు చెప్తె కొలువు ఇడిశిపెట్టి వస్తవని నాతోని బీరప్ప దేవుని మీద ఒట్టేయించుకున్నది. నువ్వు దసరాకు వస్తున్నవని తెల్వంగనే ఇల్లంత తడిమి, ఏది ఏడున్నదో గుర్తు వెట్టుకున్నది. నీ ముందట ఒక్క చెంబు తన్నలె, ఒక్క గడప తాకలె. నా ఒట్టు పోయింది. బీరప్ప ఏం జేస్తడో చేయని.

మీ నాయిన మల్లప్ప

*

క్యాంపు,
24-2-1960

అమ్మా,

నాయిన చెప్పేశాడు. ఆయన మీద కోపం చేయకు. బీరప్పకు నేను వచ్చి మొక్కుకుంటాను.

సారు వచ్చి ప్రయాణం ఎప్పుడని అడిగితే గురిగి లేదు, కరిగించారు అన్నాను. "కరిగించారా!" అని ఆయన తల పట్టుకున్నారు. ఎందుకో చెప్పాను. అది విని, మీ అమ్మ దగ్గరికి వెళ్ళిరా అన్నారు. మ్యూజియం మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. నాకు ఆ గురిగి మీద ఇప్పుడు దిగులు లేదమ్మా. దసరాకు కొత్త గంట విని సప్పుడు బాగుందని కూడా అన్నాను. ఎందుకు కట్టారని అడగాలని తోచలేదు. మట్టిలో అరిగిపోయిన మొహాలు పోలుస్తానని ఇక్కడ నాకు పేరు. నా ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన నీ మొహం చూసి మాత్రం ఏమీ పోల్చలేకపోయాను.

దసరాకు నీ చేతిలో పెట్టిన బిళ్ళను ఇప్పుడే పెట్టెలోంచి తీసి చూశాను. బొగ్గుముక్కలా నల్లగా ఉందమ్మా. ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పినా దానిలో ఎక్కడా మెరుపు లేదు.

శనివారం బస్సుకు వస్తున్నాను. ఈసారి నా కోసం ఇల్లు తడిమి పెట్టుకోకు.

నీ కొడుకు,
ఐలేశం