పేరు చెప్పేదాకా

అక్టోబరు 20

ప్రియమైన ఇషబెల్,

నీ ఉత్తరం అందింది. మన ఊనాని గ్లాస్గోలో నీ దగ్గరే ఉంచుకుంటానన్నావు. పంపను. నువ్వు వెళ్ళి ఏడు నెలలైంది, పిల్ల నీ గురించి అడగడం మానేసింది. దీవిలో కూడా నా ముందు ఎవరూ నీ పేరెత్తరు. హాలోవీన్‌కి గొర్రెతోలు ముసుగు కావాలంటే కుట్టిచ్చాను. ఎవరి వేషమో నాకూ చెప్పదట. "చెప్పేస్తే ఆటేముంది నాన్నా!" అంటోంది. బాగానే ఉన్నాం.

ఫిన్లే

నవంబరు 1

ఇషబెల్,

పంపనని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రోజూ గాలి ఎటు వీచింది, పడవ వచ్చిందా, గొర్రెలన్నీ చేరాయా అని పుస్తకంలో రాసుకుంటాను కదా. నిన్నటి పేజీ ఖాళీగా ఉంది. అందులో పట్టనిది నీకు రాస్తున్నాను.

పొద్దు వాలగానే ముసుగు వేసుకుని గదిలోంచి వచ్చింది. ఒంటి మీద, నువ్వు తలుపు వెనక వదిలిపోయిన ఆకుపచ్చ వానకోటు. అంచు నేల మీద జీరాడుతోంది. లాంతరు తీసుకుని దాని వెంట ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరాను.

ఇంటివాళ్ళు ఆ వేషం ఎవరిదో పేరు సరిగ్గా చెప్పేదాకా ముసుగు తీయకూడదు, నోరు విప్పకూడదు కదా. మొదటి రెండిళ్ళలోనూ "ఊనా" అన్నారు. తల అడ్డంగా ఊపి బయటికి నడిచింది. మూడోది ఫ్లోరా పెద్దమ్మ ఇల్లు.

"ఇంత పొట్టి దెయ్యం ఈ దీవిలో ఇంకెవరే? ఊనావే!"

కాదన్నట్టు మళ్ళీ తల ఊపింది.

"అయితే మన పోస్టు తెచ్చే లాక్లన్‌వా? మీసం ఏం చేశావురా?"

అందరూ నవ్వారు. ఊనా కోటు చేతులు రెండూ పైకెత్తి చూపించింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ పొయ్యిలోకి చూశారు. నేను నా బూట్లు చూసుకున్నాను. ముసుగు లోపలినుంచి వెక్కిళ్ళు వినిపించాయి.

"ఒరేయ్ ఫిన్లే, మాకు తెలియక కాదురా. నీకు జడిసి నోరు మూసుకున్నాం. పిల్లకి ఊపిరాడట్లేదు, చెప్పి చావరా!" అంది పెద్దమ్మ.

"ఇషబెల్," అన్నాను. ఏడు నెలలుగా అనని పేరు.

ముసుగు తీసింది. ముఖమంతా తడి. "అవును, నేనే. వచ్చేశాను," అని నావైపే చూస్తూ నిలబడింది. నేను వంగి కోటు అంచు మడిచాను. పెద్దమ్మ యాపిల్ పండు ఇస్తే తీసుకోలేదు.

ఎత్తుకుని ఇంటికి తెస్తుంటే నా మెడ దగ్గర అంది: "అమ్మ వస్తే నువ్వేమంటావో చూద్దామనుకున్నా. ఏమీ అనలేదేం నాన్నా?"

అప్పుడు తెలిసింది. అది మానేసింది నీ గురించి అడగడం కాదు, నన్ను అడగడం.

శనివారం పడవకి తీసుకొస్తున్నాను. ముసుగు వేసుకునే దిగుతుందట, ఈసారి ఊనాగానే. ఒకటి రెండు పేర్లు తప్పు చెప్పు, దానికి సరదా. ఆపైన ఆలస్యం చేయకు. లోపల ఊపిరాడదు.

ఫిన్లే