ఐలీ భుజానికి తగిన తుపాకీ

ఈ కాగితం చదవబోయే పెద్దలకూ, మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వానికీ, మా చర్చి పాదిరిగారికీ, అడవిలో ఇంకా ప్రాణాలతో ఉన్న జింకలకూ ముందుగా నా సాష్టాంగ క్షమాపణ. ఇరవై నాలుగేళ్లవాడు వీలునామా రాయడం మర్యాద కాదు. పెద్దల వరస దాటి ముందుకు పోవడం మా ఇంట్లో భోజనాల దగ్గరే ఒప్పుకోరు. ఈ అపచారానికి నేనెంత కుమిలిపోతున్నానో చెప్పడానికి మాటలు లేవు. లేవు కనుక చెప్పను.

కార్ల్ కంగస్ కుమారుడనైన ఈరో కంగస్ అను నేను, రక్తం చెడింది గాని బుద్ధి చెడలేదని డాక్టరుగారు రాసిచ్చినందున, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా అనంతరం నా స్థిర చరాస్తులు ఎవరికి చెందవలెనో ఈ దిగువన నిర్ణయించడమైనది. అమలుదారుగా మా మేనమామ రస్‌ను నియమిస్తున్నాను. మా నాన్నకు భయపడని బంధువు ఆయనొక్కడే. చెవుడు అందుకు కొంత కారణం.

1. మా అమ్మ డయాన్‌కు నా పికప్ బండి. ఈ ఏడాదంతా నన్ను ఆస్పత్రికి తిప్పింది ఆ బండిలోనే. హీటరు బాగా పనిచేస్తుంది. పక్క సీటు మీద పరిచిన తువ్వాలు ఇక తీసేయవచ్చు. నేనేమీ అనుకోను.

2. మా పెదనాన్న కొడుకు డేల్‌కు, చేపల కోసం సరస్సు మీద మంచుకు కన్నం వేసే నా బర్మా. “సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాలేరా” అని పట్టుకుపోయి కొన్ని శీతాకాలాలైంది. ఇప్పుడు నిజంగానే సాయంత్రమైంది. దాన్ని సర్వహక్కులతో అతనికే దఖలు పరుస్తున్నాను. ఇకనైనా మా ఇల్లు కనపడగానే రోడ్డు దాటి అటు పక్కన నడవనక్కర్లేదు.

3. పన్నెండేళ్ల మా చెల్లెలు ఐలీకి, ఈ సెప్టెంబరులో నేను కొన్న టూ-ఫార్టీ-త్రీ అనే చిన్న తూటా రైఫిలు, దాని తూటాలు, చెవులకు పెట్టుకునే డిప్పలు.

దీన్ని మా నాన్న ‘కాకుల్ని తోలే తుపాకీ’ అంటాడు. నవంబరు పదిహేనున, వేట మొదలయ్యే తెల్లవారుజామున, మా తాత పెద్ద తూటా మాగ్నం రైఫిలును ఐలీ చేతిలో పెట్టాలని ఆయన పట్టు. దాన్ని మా తాత పడమటి కొండల్లో ఎల్కులనే గుర్రమంత దుప్పులను కొట్టడానికి కొన్నాడు. ఎన్నడూ వెళ్లలేదు. ఆ ఎల్కులకు తగలవలసిన దెబ్బ అప్పటినుంచి మా ఇంటి పిల్లల భుజాలకు తగులుతోంది.

అది పేలి వెనక్కి తన్నితే పైనున్న దుర్భిణి అంచు వచ్చి కనుబొమ్మను నెలవంకలా చీలుస్తుంది. నాన్నకుంది, పెదనాన్నకుంది, డేల్‌కుంది, నాకుంది. మా ఇంట్లో దాన్ని గాయమనరు, ముద్ర అంటారు. నా మొహం నిండా రక్తం కారుతుంటే నాన్న వీపు చరిచి, “ఇప్పుడయ్యావురా కంగస్‌వి” అన్నాడు. అమ్మ కుట్లు వేయిస్తానంటే అడ్డం పడ్డాడు, మచ్చ పలచబడిపోతుందట. మొన్న ఐలీ నా మంచం పక్కన కూర్చుని నా కనుబొమ్మను వేలితో తడిమి, “అన్నయ్యా, కన్ను పోదు కదా?” అని అడిగింది. పోదన్నాను. ఇంకా కిందికి తగిలితే పోతుందని నాకు తెలుసు.

ముద్ర మానుతుంది. బెదురు మానదు. ఆ రోజు తర్వాత నేను ప్రతిసారీ తుపాకీ పేలకముందే కళ్లు మూసుకున్నాను. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి వేట క్యాంపు గోడకు మేకు కొట్టడం మా ఆచారం. ఆ గోడ మీద సగం గుడ్డలు నావే. అమ్మ నాకు కావాలనే పొడుగు చొక్కాలు కొనేది. పూర్తిగా తప్పితే చొక్కాతో పోతుంది. సగం తప్పితే, పొట్టలో గుండుతో జింక చిత్తడిలోకి పారిపోయి, తెల్లవార్లూ చస్తుంది. దానికి గోడ మీద ఏ గుడ్డా ఉండదు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. ఉద్యోగానికి పనికి రాలేదు, ఇక్కడైనా పనికి రావాలి. చిన్నపిల్ల కదా అని తేలికపాటి తుపాకీ కొంటే, పిల్లను ఇంకాస్త గట్టిగా తన్నమని దానికి చెప్పినట్టే. తుపాకీ కాస్త బరువుండాలి, తూటా చిన్నది కావాలి. బరువు మోయలేకపోతే కర్రల ఊత పెట్టుకుంటుంది. తుపాకీకి భుజాన ఆనే వెనక కర్రను ఐలీ చేతి పొడవుకు కోయించి, చివర మెత్తటి రబ్బరు వేయించాను. చెవి డిప్పలు మరవవద్దు. చప్పుడు కూడా ఒక తన్నే. పక్కకు తిరిగి నిలబడ్డ జింకకు, దగ్గర నుంచి, ముంగాలి వెనక చిన్న గుండు చాలు. కళ్లు మూసుకున్నవాడికి ఫిరంగి ఇచ్చినా చాలదు.

4. తాత నా పేర రాసిన నలభై ఎకరాల అడవి, అందులోని వేట క్యాంపు, మా నాన్నకు. షరతు ఏమనగా, ఐలీకి పదహారేళ్లు నిండేవరకు ఆ మాగ్నంను ఆమె భుజానికి ఆనించరాదు, ఆనించనివ్వరాదు, ‘సరదాకి ఒక్కసారి’ అని కూడా అనరాదు. షరతు తప్పినచో సదరు భూమి యావత్తూ మా జిల్లా పక్షిప్రేమికుల సంఘానికి చెందును. చాలా మంచివాళ్లు. చప్పుడు మాత్రం పడదు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాన్న, “దెబ్బంటే తెలీకుండా పెరిగితే అది రేపు ఎట్లా బతుకుద్దిరా?” అంటాడు. నేను దెబ్బ తెలిసి పెరిగినవాణ్నే నాన్నా. నా బతుకు చూస్తూనే ఉన్నావుగా.

5. నేను వేట మొదటి వారంలో పోయినచో అంత్యక్రియలు వాయిదా వేయవలెను. ఆ వారం ఎవరూ రారు. నేనైనా వచ్చేవాణ్ని కాదు.

రస్ మామయ్యా, బిగ్గరగా చదవడం ఇక్కడ ఆపు. ఈ చివరి పేజీ నాన్న చేతికిచ్చి, మిగతా అందరినీ ఆవిరిస్నానానికి సౌనాకు తోలుకెళ్లు.

నాన్నా, సెప్టెంబరులో కంకర గుంట దగ్గర నువ్వు మాగ్నం గురి సరిచూసుకుంటుంటే, నేను దుప్పటి కప్పుకుని పక్కన కుర్చీలో ఉన్నాను. ఐలీ బండిలో నిద్రపోతోంది. ఒక తూటా పేలలేదు. టిక్కుమంది, అంతే. తుపాకీ తనంతట కదల్లేదు. నువ్వు కదిలావు. గొట్టం నేల వైపు ముక్కు దించింది, భుజం ముడుచుకుపోయింది, కళ్లు గట్టిగా మూసుకున్నావు, పన్నెండేళ్ల పిల్లాడిలా. చాలాసేపు తెరవలేదు. ఆ తర్వాత “పాత సరుకు” అని, తూటా వంక చూడకుండానే పొదల్లోకి విసిరేశావు. ఎన్నేళ్లుగా అలా మూసుకుంటున్నావో నేను అడగలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. మర్నాడు అమ్మ చేత దుకాణానికి తీసుకెళ్లించుకుని ఐలీకి తుపాకీ కొన్నాను.

అది పాత సరుకు కాదు. కొత్తవాళ్ల బెదురు బయటపెట్టడానికి కాలేజీ తుపాకీ క్లబ్బులో అట్లా చేసేవాళ్లం. నిన్ను నవ్వులపాలు చేద్దామని, మందు తీసేసిన ఉత్తుత్తి తూటాను నీ పెట్టెలో కలిపింది నేనే.

తేది: 2019 అక్టోబరు 21

(సంతకం) ఈరో కంగస్

సాక్షులు, చివరి పేజీ చదవనని మాట ఇచ్చి సంతకం చేసినవారు:
మార్లిన్ బుషే, ఇంటికి వచ్చే నర్సు
పాల్ సిర్కా, పక్కింటాయన