మాకేం లోటండీ

జూన్ 16, బుధవారం

ఈ పుస్తకం కొలతలకి కొన్నది. స్కూళ్ళు మూతపడి రెండో ఏడు, యూనిఫారాలు లేవు, రాయడానికి కొలతలూ లేవు. పేజీలు ఖాళీగా ఎందుకుండాలి? ఇవాళ సంతోషం రాస్తాను.

కాలేజీ నుంచి ఫోను! నాకు! కామర్సు చెప్పే మురళీధర్ సారు స్వయంగా చేశారు. "కరుణ వాళ్ళ నాన్నగారేనా అండీ? ఈ కరోనాలో ఎలా ఉన్నారండీ?" గారు అన్నారు. అండీ అన్నారు. ఏడో తరగతితో చదువు ఆపేసిన టైలర్ని, అరవై అయిదేళ్ళ వాణ్ణి... మిషను ఆపి లేచి నిలబడ్డాను. ఫోనులో కనపడనని తెలుసు. అయినా నిలబడే మాట్లాడాను.

అప్పుడు ఎదురింటి నాగేశ్రావు నా స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు, చొక్కా చేతులు పొట్టి చేయించుకోడానికొచ్చి. అతనికీ వినపడాలని కాస్త గట్టిగానే మాట్లాడాను. దాచడమెందుకు, నిజం అదే.

"మాకేం లోటండీ! ప్రభువు దయ, మీ దయ, బ్రహ్మాండంగా ఉన్నాం." అందరికీ ఆరోగ్యమేనా? "గుండ్రాళ్ళలా ఉన్నామండీ." పని నడుస్తోందా? "చేతినిండా పనండీ." పాపకి ఆన్‌లైన్ క్లాసులకి ఫోనుందా? "ఒకటేంటండీ, రెండున్నాయి!"

రెండున్నాయి. ఒకటి నా బటన్ల ఫోను. ఇంకోటి కరుణది. మే నెలలో నీళ్ళ బకెట్లో పడింది. అప్పట్నుంచి వెలగదు. ఆ సంగతి సారుకి చెప్పి ఆయన మనసు పాడుచెయ్యడమెందుకని...

"చాలా సంతోషమండీ, మీతో మాట్లాడితే మాకే ధైర్యం వచ్చింది" అన్నారు సారు. ఆ మాట చాలు నాకు ఈ ఏడాదికి.

నాగేశ్రావు నవ్వాడు. "భలే మాట్లాడావు బాబాయ్. మంత్రిగారు మాట్లాడినట్టుంది."

జూన్ 17, గురువారం

కరుణ వాళ్ళమ్మ: "ఎవరు ఫోన్ చేసినా ఈయనకి పండగే. రాంగ్ నంబరొచ్చినా పావుగంట యోగక్షేమాలు చెబుతాడు."

కరుణ మాత్రం అడిగింది. "సారేం అడిగారు నాన్నా?"

"ఎలా ఉన్నారని అడిగారమ్మా."

"అంతేనా? ఇంకేం అడగలేదా?"

"అంతకంటే ఏం కావాలే!"

పిల్ల పొద్దున్నే ఎనిమిదింటికి పక్క వీధిలో స్నేహితురాలింటికి వెళుతుంది. ఇద్దరు ఆడపిల్లలకీ ఒకటే ఫోను. చెవిలో పెట్టుకునే తీగలో చెరో ముక్క. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి పనిపడితే ఫోను తీసుకుపోతాడు. ఆ రోజుకి ఇద్దరికీ చదువు లేదు.

జూన్ 20, ఆదివారం

చర్చి తియ్యలేదు. పాస్టరు గారు ఫోనులోనే అందర్నీ కలిపి ప్రార్థన పెట్టారు. ప్రభువు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అంటే నేనే ముందు చెప్పాను, కాలేజీ ఫోను సంగతి. లేకలేక నలభై అయిదో ఏట పుట్టిన పిల్ల, డిగ్రీ ఆఖరి ఏడు, లెక్చరరు గారే ఇంటికి ఫోన్ చేసి... ఏడుపొచ్చేసింది. అందరూ ఆమెన్ అన్నారు.

జూన్ 24, గురువారం

దేవుడా! ఏమని రాయను!

కాలేజీలో పాత విద్యార్థులు పోగుచేసి పంపారట, కరోనాలో ఇబ్బంది పడిన పిల్లలకి అత్యవసర సాయం. దరఖాస్తు లేదట. ఎవరికి అవసరమో సార్లే లిస్టు రాస్తారట. ఒక ఫోను వస్తుందట ఆ డబ్బుతో, ఇంకా పరీక్ష ఫీజుకి కూడా సరిపోతుందట. కరుణ పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఎన్నాళ్ళయింది ఇది పరిగెత్తి!

"మన పేరుంటుందంటావా నాన్నా?"

ఉండకపోవడమేంటి? సారు నాకే కదా ఫోన్ చేసింది. మనసులో పెట్టుకోకపోతే ఎందుకు చేస్తారు?

నాగేశ్రావుకి వీధిలోనే కేక వేసి చెప్పాను. "అలాగా బాబాయ్, మంచిది" అని లోపలికి వెళ్ళిపోయాడు. పని మీదున్నట్టున్నాడు.

జూన్ 26, శనివారం

ఊరికే తీసుకోకూడదు. యూనిఫారాల బట్ట, నీలం గళ్ళది, అటక మీద మిగిలిపోయి ఉంది. మాస్కులు కుడుతున్నాను. వచ్చే శుక్రవారం కాలేజీలో సభ పెట్టి సాయం ఇస్తారట. ఆ సభకి వచ్చే ప్రతి ఒక్కరి మూతికీ నా మాస్కే ఉండాలి.

కరుణ వాళ్ళమ్మ కత్తిరిస్తోంది. కరుణ ఇస్త్రీ. ముగ్గురం మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ... ఈ ఇంట్లో మిషను ఇంతలా మోగి ఎన్నాళ్ళయిందో.

జూన్ 30, బుధవారం

మాస్కుల సంచి కాలేజీ గేటు దగ్గర ఇచ్చి వచ్చాను. లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు. వాచ్‌మన్ పేరడిగి రాసుకున్నాడు.

ఎందుకైనా మంచిదని కరుణ విస్సన్నపేటలో బట్టల షాపువాళ్ళతో మాట్లాడి ఉంచిందట. సేల్సుకి ఆడపిల్లలు కావాలన్నారట. "ఫోను లేకుండా ఎన్నాళ్ళని వాళ్ళింటికెళ్ళి కూర్చోను నాన్నా? పరీక్ష ఫారాలూ, ఇంటర్నల్సూ, అన్నీ ఫోనులోనే. డబ్బొస్తే చదువుతా. రాకపోతే మానేస్తా."

వస్తుంది. ఆ షాపు పేరు నా దగ్గర ఎత్తొద్దన్నాను.

జూలై 2, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాలేజీ గ్రౌండులో షామియానా. కుర్చీలు దూరం దూరంగా. నేను తెల్లచొక్కా. మూడో వరసలో కూర్చున్నాను, పక్కన కరుణ. ఎటు చూసినా నీలం గళ్ళ మాస్కులే. ప్రిన్సిపాల్ గారి మొహానికి కూడా. గర్వంగా ఉంది.

పేర్లు హాజరు పట్టీ వరసలో పిలుస్తున్నారు. బి.కాం. ఆఖరి సంవత్సరం. కరుణకి ముందుండే అమ్మాయిని పిలిచారు. నేను సగం లేచాను. తర్వాత పిలిచింది... కరుణ తర్వాతి అమ్మాయిని.

కూర్చున్నాను. తప్పు చదివారనుకున్నాను. కాసేపటికి రవి పేరు పిలిచారు. నాగేశ్రావు కొడుకు. రెడ్డిగూడెంలో మామిడితోట, పైన అంతస్తు వేసిన ఇల్లు... కవరు తీసుకుని దిగాడు.

ఆఖర్న నా పేరు పిలిచారు. నా పేరు! పిల్లకి వేరే ఇస్తారేమో అనుకుని పరిగెత్తినట్టే వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు మైకులో అన్నారు: "కష్టకాలంలో అందరూ చెయ్యి చాస్తారు. ఈ తండ్రి మాత్రం ఇచ్చే చెయ్యి. ఏ లోటూ లేదని చెప్పి, మనందరికీ మాస్కులు కుట్టి పంపిన ఈ పెద్దాయనకి చప్పట్లు." శాలువా కప్పారు. ఫోటో.

చప్పట్లు మోగుతుంటే శాలువా అంచు తడుముతున్నాను. అలవాటు. పాలిస్టరు. అంచు కుట్టు ఊడి ఉంది.

స్టేజీ మీంచి చూస్తే కరుణ కుర్చీ ఖాళీ.

జూలై 3, శనివారం

పిల్ల మాట్లాడటం లేదు. అన్నం పెట్టింది. చెంబుతో నీళ్ళు పెట్టింది.

జూలై 5, సోమవారం

గేటు దగ్గర గంటన్నర నిలబడితే మురళీధర్ సారు బయటికి వచ్చారు. మంచాయనే. ఎండలో నిలబెట్టినందుకు బాధపడ్డారు. అడిగాను. కాగితాలు తెప్పించారు.

"ఇదిగోనండీ, అందరి ఇళ్ళకీ ఫోన్ చేసి మేమే రాసుకున్నాం. కరుణ. ఆరోగ్యం బాగుంది. తండ్రికి పని ఉంది. ఇంట్లో ఫోన్లు రెండు. సాయం అవసరం లేదు." కింద ఆయనే రాసుకున్న మాట కూడా చదివారు: "మాకేం లోటండీ, బ్రహ్మాండంగా ఉన్నాం."

నా మాటే. నా నోటి మాట, సారు చేతిరాతలో.

"అది... పెద్దవాళ్ళు ఫోన్ చేస్తే అలాగే అంటాం కదండీ. ఎలా ఉన్నారంటే బాగున్నామంటాం. బాగాలేమని ఎవరంటారండీ?"

"చాలామంది అన్నారండీ" అన్నారు సారు, మెల్లగా.

"ఆ ఫోను సాయం లిస్టు కోసమని ఒక్క మాట ముందు చెప్పి ఉంటే..."

"ముందు చెబితే అందరూ లేదనే చెబుతారని చెప్పొద్దన్నారండీ పైనుంచి."

ఆ రోజు ఆయన నన్ను ఎలా ఉన్నారని అడిగారనుకున్నాను. అడగలేదు. గడులు నింపుకున్నారు. నేను నిలబడి మరీ మాట్లాడాను.

ఒక దారి చెప్పారు. మిగిలిపోయినవాళ్ళలో కొందరికి శుక్రవారం ప్రిన్సిపాల్ గారి గదిలోంచి మళ్ళీ ఫోన్ చేస్తారట. స్పీకరు పెట్టి, కమిటీ అంతా వింటుండగా. "నేను రాసింది నేను కొట్టెయ్యలేనండీ. మీ నోటితో మీరే చెప్పాలి. పదికీ పదకొండుకీ మధ్య చేస్తాం. ఇంకో అవకాశం ఉండదు."

ఇంటికొచ్చి చెప్పాను, అంతా. కరుణ అప్పుడు నోరు విప్పింది. మూడు రోజుల తర్వాత.

"నాన్నా... మనం బాగున్నామా?"

జూలై 6, మంగళవారం

నాగేశ్రావుని అడగకుండా ఉండలేకపోయాను. వాళ్ళ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఆ ఫోను దేనికో నీకు తెలుసా?"

తల ఎత్తలేదు. "మా వాడి గురించి నాకు ముందురోజే వచ్చింది బాబాయ్. మా బావ అక్కడ క్లర్కు కదా, ఆయన చెప్పాడు."

"మరి పక్కనే కూర్చుని..."

"నువ్వు నిలబడి అంత సంబరంగా బాగున్నామంటుంటే మధ్యలో ఫోను లాక్కుని ‘కాదు సార్, వీళ్ళు రేషన్ బియ్యం మీదే బతుకుతున్నారు’ అనమంటావా? నీ పరువు నేను తీస్తానా?"

"చెయ్యి నొక్కితే చాలు కదరా! కన్ను ఆర్పితే చాలు కదా!"

"నేనేం అబద్ధం చెప్పి తీసుకోలేదు బాబాయ్. ఈ ఏడు కాయ అడిగినవాడు లేడు. ట్రాక్టరుతో తెచ్చి రోడ్డు పక్కన పోశాం. నువ్వూ చూశావు."

చూశాను. అది నిజమే. కానీ ఇరవై ఏళ్ళుగా బాబాయ్ అంటున్నాడు. వాళ్ళ రవికి మొదటి నిక్కరు కుట్టింది నేను. ఆ రోజు నేను గొంతు పెంచింది ఎవరి కోసం? ఆ స్టూలు మీద అతను లేకపోతే, ఏమో, "కొంచెం ఇబ్బందిగానే ఉందండీ" అనేవాణ్ణేమో...

ఏమో. అనేవాణ్ణి కాదేమో కూడా.

జూలై 7, బుధవారం

కరుణ షేర్ ఆటో ఎక్కి విస్సన్నపేట వెళ్ళి వచ్చింది. శనివారం నుంచి రమ్మన్నారట షాపులో.

"శుక్రవారం దాకా ఆగమ్మా."

"ఆగుతా. ఆ ఫోను నాకిస్తే నేను మాట్లాడతా."

"తండ్రే మాట్లాడాలన్నారమ్మా."

"అదే నా భయం" అంది.

జూలై 8, గురువారం

నా షాపు అంటే ఇంటి ముందు గదే. తలుపు దగ్గరగా వేసి సాధన చేశాను, మిషను ముందు నిలబడి. "పని లేదండీ. పిల్లకి ఫోను లేదండీ. సాయం కావాలండీ."

మూడే మాటలు. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని ముందు "మీ దయ వల్ల" అనేస్తున్నాను, నాకు తెలియకుండానే.

కరుణ వాళ్ళమ్మ లోపల్నుంచి విని నవ్వింది. తర్వాత వచ్చి నా పక్కన నిలబడి, "మళ్ళీ అనండి" అంది. మళ్ళీ అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇలాగే అనండి. నిలబడొద్దు. కూర్చుని మాట్లాడండి."

శాలువా మడిచి అటక మీద పెట్టించాను.

జూలై 9, శుక్రవారం

పది. ఫోను మిషను బల్ల మీద ఉంది. నేను కూర్చునే ఉన్నాను. కరుణ లోపలి గుమ్మంలో.

పదీ పది. రాలేదు.

పదింపావు. నాగేశ్రావు వచ్చాడు. చేతిలో కొత్త బట్ట, రవి పాత చొక్కా. "బాబాయ్, ఈ కొలతకి రెండు చొక్కాలు" అని అదే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏమీ జరగనట్టు. రాజీకొచ్చాడేమో. పని తెచ్చాడు. ఈ నెలలో ఇదే మొదటి పని.

లేచి వెళ్ళమనాలి. ఒక్క మాట.

"మంచినీళ్ళు తాగుతావా" అన్నాను.

కరుణ చూస్తోంది. అతన్ని కాదు, నన్ను.

పుస్తకం తెరిచి రాస్తున్నాను. కొలతలు రాస్తున్నాననుకుంటున్నాడు. "మెడ కాస్త వదులుగా పెట్టు బాబాయ్" అంటున్నాడు. తల ఊపాను.

ఫోను మోగుతోంది. మిషను బల్ల అదురుతోంది. కరుణ ఒక అడుగు ముందుకి వేసింది. నాగేశ్రావు నవ్వుతున్నాడు, ఎవరు బాబాయ్ అంటున్నాడు...

పెన్సిలు కింద పెడుతున్నాను.